రాజలింగు ఇంట్లో రెండో పొయ్యి

కాజీపేట అవతల రైల్వేవాళ్లు ప్లాట్లు కొని కట్టుకున్న చిన్న కాలనీకి రాజలింగు అధ్యక్షుడు. రైలుగార్డుగా ఉన్నన్నాళ్లూ పచ్చజెండా ఊపిన మనిషి. రిటైరయ్యాక మాత్రం కాలనీలో ఎర్రజెండాయే ఎక్కువగా ఊపుతున్నాడు. 'ఒక ప్లాటు, ఒక ఇల్లు, ఒక కుటుంబం' అన్నది సంఘం నియమం. ఆ నియమానికి ఆయన కావలి.

పక్కింటి వినోద దవాఖానలో నర్సు. తనతో పనిచేసే అమ్మాయిలు నెక్కొండ నుంచి రోజూ రైల్లో వచ్చిపోలేక అల్లాడుతున్నారు. ఇంటి మీద రెండు పోర్షన్లు వేసి వాళ్లకు కిరాయికిస్తానని సంఘం మీటింగులో అడిగింది. రాజలింగు కుదరదన్నాడు.

"అన్నా, మీ ఇంట్ల కింద మీరు, పైన మీ కొడుకు, కోడలు. గది రెండు కుటుంబాలు కాదా?" అంది వినోద.

రాజలింగుకు రోషం పొడుచుకొచ్చింది. "ఒక్క పొయ్యి మీద వండుకొని తినేటోళ్లు ఒక్క కుటుంబం. రెండో పొయ్యి వెట్టిన్రంటే వేరువడ్డట్టే, పైనోళ్లు ఖాళీ చెయ్యాలె. మా ఇంట్ల అత్తాకోడళ్లకు మాట పట్టింపే లేదు. ఆదివారం అందరు రాండ్రి, ఇల్లిల్లు తిరిగి పొయ్యిలు చూద్దాం, మా ఇంటితోనే మొదలు."

చప్పట్లు మోగాయి. కొందరు నవ్వాపుకుంటూ కొట్టారు. ఆయనగారు అదేం గమనించకుండా ఛాతీ విరుచుకుని ఇంటికి నడిచాడు.

భార్య అనసూర్య అంతా విని, ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"అయితె ఆదివారం ఎవల్ని వెళ్లగొడుతవ్? నన్నా, కోడల్నా?"

"గదేం మాట?"

"పైన మహిత వేరే వండుకుంటాంది. పోయిన దసరా సంది. కాలనీ అంతటికి ఎరుకే."

మోకాళ్ల నొప్పులతో రాజలింగు మేడెక్కి చాలా కాలమైంది. కంచం ముందుకొచ్చేది, తినేవాడు, అంతే.

"మరి నిన్న నేను మెచ్చుకున్న పుంటికూర పప్పు?"

"పైకెల్లి మహిత పంపిందే. నా చేతిదనుకొని మెచ్చుకుంటివి. నేనెందుకు కాదనాలె?"

"నాకెందుకు చెప్పలే?" రాజలింగు గొంతు లేచింది.

"మా ఇంట్ల అందరిదీ ఒక్కటే మాటని ఊరంతా చెప్పుకుంట తిరుగుతాంటివి. ఉప్పు కాడ, కారం కాడ మేం రోజూ కొట్లాడేటోళ్లం, నీకు తెల్వకుండ. చెరొక పొయ్యి అయినంక నవ్వుకుంటానం. ఆ పొయ్యి తీసేస్తే వాళ్లు హన్మకొండల ఇల్లు చూసుకుంటరు, మనుమరాలిని తీసుకొని."

రాజలింగు కోపం ఎటుపోయిందో పోయింది. మనుమరాలి అల్లరి లేని ఇల్లు ఆయన ఊహకే అందలేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఆదివారం జర ఆ పొయ్యిని మంచం కింద వెట్టరాదుండ్రి?"

"పెడుతం. వినోద ముఖం చూసి అబద్ధమాడుడు మాత్రం నీ వంతు."

ఆదివారం సంఘంవాళ్లు వచ్చారు. రాజలింగు రెయిలింగు పట్టుకుని, మూలుగుతూనే అందరినీ మేడ మీదికి తీసుకెళ్లాడు. పొయ్యి దాని జాగాలోనే ఉంది; పొద్దున దాచబోతే రాజలింగే వద్దన్నాడు. పక్కన మహిత బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"ఇగో, రెండో పొయ్యి. మీకందరికి ముందే ఎరుకనట, నాకే ఇప్పుడు తెలిసింది," అన్నాడు. "మా ఇంట్ల రెండు కుటుంబాలున్నయి. గందుకే కలిసున్నం. నియమం నిలవాల్నంటే నా కోడలు పోవాలె. గది నాతోని కాదు. నియమాన్నే తీసేద్దాం."

ఎదురింటి కట్టయ్య గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్ల మూడున్నయన్నా."

నవ్వులతో మేడ దద్దరిల్లింది. ఒకరి వెనక ఒకరు తమ ఇళ్లలోని పొయ్యిలు బయటపెట్టారు. నీళ్లు చాలవని, బండ్లకు జాగా ఉండదని ఒకరిద్దరు గొణిగారు. వాటి సంగతి వచ్చే మీటింగులో తేల్చుకుందామన్నారు. చేతులు లేచాయి, నియమం పోయింది. వినోదకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడే నిలబడి నెక్కొండకు ఫోన్ కలిపింది.

అందరూ దిగిపోయాక మహిత మెల్లగా అంది, "మామయ్యా, ఇయ్యాల ఈడనే తినుండ్రి."

రాజలింగు తలూపి కూర్చున్నాడు.

కింది నుంచి అనసూర్య కేకేసింది. "నేను వండిన చిక్కుడుకాయ ఎవలు తింటరు మరి?"

"నువ్వు గూడ రాయే, కూర పట్టుకొని!"

మెట్ల మీద గిన్నె చప్పుడు వినబడగానే మహిత ఇంకో కంచం కడిగింది.