లాజరు కత్తిరించిన సాయంత్రాలు

సూర్యాపేట పాత బస్టాండు వెనక సందులో దర్జీ లాజరు దుకాణానికి పోయినవాళ్లు ముందు నిజం చెప్పండి, అక్కడ ఏం చూశారు? బజారంతా చీకటి పడి లైట్లు వెలిగినా ఆ ఒక్క దుకాణం ముందు ఎర్రటి ఎండ ఉండేది, చూశారా లేదా? చూశారు. ఆ ఎండలోనే నిలబడి కొలతలిచ్చారు. అది ఎవరింటి ఎండ అని ఒక్కరూ అడగలేదు.

లాజరు ఇంటిదే. మధ్యాహ్నం తిండికి పోయినప్పుడు గడపలో పడ్డ ఎండ మీద సుద్దతో గీత గీసేవాడు. నాలుగు తర్వాతి పొద్దును కత్తెరతో కోసి, మడిచి, చంకలో పెట్టుకొచ్చి, దుకాణంలో తన పగటికి అతికించి కుట్టేవాడు. అది ఎనభై ఏడు జూన్. బడి యూనిఫారాలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఇంట్లోవాళ్లకు మాత్రం నాలుగు కాగానే తొమ్మిదయ్యేది. కూతురు నీలా బడి సంచి దించేలోపే పడుకునే వేళయ్యేది.

ఎదురు దుకాణం ముత్తయ్య ఆరు కాగానే మిషను మీద గుడ్డ కప్పేవాడు.

"ఏందన్నా, అప్పుడే అలిసినవా? ముసలోనివైతున్నవ్," అని నవ్వాడు లాజరు.

"పిల్లల గౌన్ల అంచుల మడత పెడ్తవు, పెరిగితే ఇప్పుకోవాలెనని. ఇంటి పొద్దుల ఒక్క మడతన్న ఉంచినవా తమ్మీ?"

"ఈ జూను దాటనియ్యన్నా. క్రిస్మస్‌కు ఇంటికాడనే ఉంట."

క్రిస్మస్‌కు గిరాకీ ఇంకా పెరిగింది. మళ్లీ జూన్ వచ్చింది. అట్లా నాలుగేండ్లు.

లాజరు భార్య సుగుణమ్మకు దగ్గు పట్టుకుంది. ఆమె పొద్దంతా నాట్లకు పోయేది. దగ్గుకు మందిచ్చే డాక్టరు సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకే కూర్చునేవాడు. ఆమె బతుకులో అయిదూ లేదు, ఏడూ లేదు.

"ఒక్కనాడు కొయ్యకుండ ఇడ్సిపెట్టయ్యా. దవాఖానకు పోయొస్త."

"మాటిచ్చిన బట్టలే సుగుణా. రేపు ఇడ్సిపెడ్త."

గిరాకీలకు చెప్పిన రేపు ఎన్నడూ తప్పలేదు. పెండ్లానికి చెప్పిన రేపు ఎన్నడూ రాలేదు. వరికోతలప్పుడు ఆమె పోయింది.

నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం నీలా దగ్గింది. అదే దగ్గు. లాజరు కత్తెర పారేసి గడపలో కూర్చున్నాడు. ఈ రోజు కోయలేదు కదా, సాయంత్రం రాకపోదనుకున్నాడు. నాలుగు కొట్టింది. వెంటనే తొమ్మిదయింది. మర్నాడూ అంతే. అన్నేండ్లు కోసిన చోట పొద్దు మళ్లీ మొలవలేదు.

మూడోనాడు నీలా మూలనున్న బొంత తెచ్చింది.

"నాయినా, ఇది అమ్మ కుట్టింది. నాకు దగ్గొస్తే ఇప్పమన్నది."

సుగుణమ్మ వారానికోసారి దుకాణం ఊడ్చి పేలికలు ఏరుకుపోయేది. గుడ్డపేలికలే అనుకున్నాడు లాజరు. బొంత లోపల ఉన్నవి తాను కోసిన సాయంత్రాల అంచులు. అరచేయంత ఒకటి, వేలెడు ఒకటి. ఎర్రటివి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఒక్కొక్క కుట్టూ ఊడదీశాడు. ఇంట్లో గంటన్నర ఎండ పరుచుకుంది. బిడ్డ చెయ్యి పట్టుకుని ఆ ఎండలో ఉరికాడు. డాక్టరు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు.

నీలా బతికింది. ఇప్పుడు మిర్యాలగూడలో ఆడవాళ్లకు కుట్టు నేర్పుతది, అయిదు కాగానే తలుపేస్తది. ఖాళీ బొంతగుడ్డ లాజరు ఒళ్లోనే ఉంటుంది. ఆయన నన్నొకటి అడిగాడు. అదే మిమ్మల్ని అడుగుతున్నాను. గంటన్నర సాయంత్రం తన చేతుల్లోనే ఉండగా, దగ్గి దగ్గి నెత్తురు కక్కిన ఆ ఆడమనిషి ఆ కుట్లు తన కోసం ఎందుకు విప్పుకోలేదు?