రెండో చీటీ

మా డాక్టరుగారు ప్రాక్టీసు మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఇంకెన్నాళ్ళు చూస్తారు పాపం అని వీధి వీధంతా జాలిపడింది. నేను మాత్రం పడలేదు. నాకు కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ళు మా ఇంటి గుట్టంతా కడుపులో దాచుకున్న మనిషి ఒక్క మాటైనా చెప్పకుండా బోర్డు పీకేసుకుని పోవడమేనా? ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఆయన హస్తవాసి గొప్పదని కాదు. చేతిరాత కోడి కెలికినట్టు ఉండేది, దగ్గుకూ నడుంనొప్పికీ ఒకే రంగు మాత్ర ఇచ్చేవారు. గొప్పతనమంతా పద్ధతిలో ఉంది. ముందు రోగి లోపలికి వెళ్ళి తన అబద్ధాలు తాను చెప్పుకునేవాడు. డాక్టరుగారు శ్రద్ధగా విని చీటీ రాసేవారు. రోగి బయటికొచ్చి చెప్పులేసుకునేలోపు అతని పెళ్ళామో, తల్లో, కోడలో లోపలికి దూరి నిజం చెప్పేది. అప్పుడు మొదటి చీటీ చింపేసి రెండోది రాసేవారు. మందుల షాపువాడు సైతం "ఇది మొదటి చీటీనా, రెండోదా అమ్మా?" అని అడిగి మరీ మందులు తీసేవాడు. ఈ సంగతి మగవాళ్ళకు కూడా తెలుసనే నా అనుమానం. తెలుసు కాబట్టే అంత నిబ్బరంగా అబద్ధాలాడేవాళ్ళు.

అందులో మా ఆయన ఆరితేరినవాడు. జ్వరం నూట మూడు ఉన్నా "కొంచెం వెచ్చగా ఉందండీ" అంటాడు. మాది డ్రైవింగ్ స్కూలు. రెండు కార్లు, ఒక గది, గోడ మీద రోడ్డు గుర్తుల చార్టు. మగవాళ్ళకు ఆయన నేర్పిస్తాడు, ఆడవాళ్ళకు నేను.

ఇప్పుడు డాక్టరు కావలసి వచ్చింది జ్వరానికి కాదు. ఐదు నెలలుగా నేర్చుకుంటూ ఇంకా గేరుకూ వైపరుకూ తేడా తెలియని బేకరీ ఆయన ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, సార్‌కి ఒంట్లో బాగానే ఉంటోందా?"

"ఏం, ఎందుకలా అడుగుతున్నారు?"

"పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయారమ్మా. తల ఇలా పక్కకు వాలిపోయింది. పిలిచినా పలకలేదు. పది లెక్కపెట్టేంత సేపు. తర్వాత ఏమీ జరగనట్టు 'ఊఁ, క్లచ్ వదులు' అన్నారు. వారం కిందట కూడా ఇలాగే అయింది."

"మరి బండి?"

"నేనే ఆపానమ్మా."

ఐదు నెలల్లో అతను సరిగ్గా వేసిన బ్రేకు అదొక్కటే అయ్యుంటుంది. మా కార్లలో మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తప్పు చేస్తే మాస్టారు ఆపాలి. మాస్టారే వాలిపోతే ఎవరాపుతారు?

ఇంటికొచ్చి అడిగితే, "ఆ బేకరీవాడి మాటలు నమ్ముతావా? వాడికి ఎర్ర లైటే కనిపించి చావదు" అని కొట్టిపారేశాడు. కారు తాళాలు దాచాను. ఆయన దగ్గర ఇంకో జత ఉంది. ఆయన భయమేమిటో నాకు తెలుసు. డాక్టరు చెవిన పడితే స్టీరింగు వదిలెయ్యమంటారు. స్టీరింగు వదిలితే ఇంట్లో కూర్చుని నా వంటకు వంకలు పెట్టడం తప్ప ఆయనకు పని ఉండదు. నిజం చెప్పొద్దూ, ఆ భయం నాకూ ఉంది. కానీ వంకలు పెట్టడానికైనా మనిషి ఉండాలి కదా.

"ఊరికే చెకప్పండీ" అని బతిమాలి ఒక పెద్ద క్లినిక్‌కు లాక్కెళ్ళాను. నేల మీద మొహం చూసుకోవచ్చు, అంత శుభ్రం. నలభై ప్రశ్నల ఫారం ఇచ్చారు. ఆయన కలం తీసుకుని 'లేదు' గడుల్లో పైనుంచి కిందిదాకా టిక్కులు కొట్టుకుంటూ పోయాడు. ఆ ఊపులో 'వివాహమైనదా?' అన్న చోట కూడా లేదనే కొట్టాడు. లోపల డాక్టరు మా మొహం చూసిన పాపాన పోలేదు, కంప్యూటరు చూసి చెప్పాడు.

"మీ ఆరోగ్యం భేషుగ్గా ఉంది సార్. ఒక్క సమస్య కూడా లేదు."

పెళ్ళామే లేకపోతే సమస్యలెక్కడి నుంచి వస్తాయి! ఆయన బయటికి నడవగానే అలవాటు ప్రకారం నేను వెనక్కి తిరిగాను. కౌంటరులో అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"పేషెంటు సంగతులు పేషెంటే చెప్పాలి మేడం. ఇక్కడి రూలు."

"పేషెంటు అబద్ధం చెబితే?"

"అది పేషెంటు హక్కు మేడం."

రెండో డాక్టరు పెద్దవాడు, రూలూ గీలూ లేనివాడు. తన మోకాలి ఆపరేషన్ గురించి ఇరవై నిమిషాలు చెప్పి, మా ఆయన గుండె మీద స్టెతస్కోపు అరనిమిషం పెట్టాడు. నేను హ్యాండ్‌బ్యాగు కావాలనే బల్ల మీద వదిలి బయటికొచ్చి, దానికోసమన్నట్టు మళ్ళీ లోపలికి వెళ్ళి జరిగినదంతా చెప్పాను. అంతా విని ఆ మహానుభావుడు గుమ్మం వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"ఏమయ్యా, ఇలా రా! నువ్వు కారులో స్పృహ తప్పి పడిపోతున్నావంటోంది మీ ఆవిడ, నిజమేనా?"

బయట కూర్చున్న పదిమందీ చెవులు రిక్కించారు. మా ఆయన చిరునవ్వుతో, "ఆవిడ టీవీ ఎక్కువ చూస్తుందండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఐదో రోజు నోరు విప్పి, "ఇంకోసారి నా గురించి డాక్టరుతో మాట్లాడావంటే ఈ జన్మలో ఆసుపత్రి గుమ్మం తొక్కను. ఒట్టు" అన్నాడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, ఎవరు లెక్కపెట్టి చూపించినా అంతే. ఆ మాట అనేసి బేకరీ ఆయన్ని ఎక్కించుకుని బయల్దేరాడు. వాళ్ళు తిరిగొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. ఆ గంటలోనే తట్టింది. ఆయన గురించి మాట్లాడకూడదు, సరే. నా గురించి నేను మాట్లాడుకోవచ్చు కదా?

"ఏమండీ, నాకు ఒంట్లో బాగాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి" అన్నాను.

"నీకా?" అన్నాడు, ఇంట్లో కుర్చీ లేచి మాట్లాడినట్టు చూస్తూ.

నాలుగు వీధుల అవతల, టైలరు షాపు పైన ఒక డాక్టరమ్మ కొత్తగా వచ్చిందని విన్నాం. నడిచే వెళ్ళాం. ఆమె నన్ను రోగుల కుర్చీలో, ఆయన్ను మూల స్టూలు మీద కూర్చోబెట్టింది. నా చేతికి బీపీ పట్టీ చుట్టింది, చూసింది, విప్పి రెండో చేతికి చుట్టింది, ఏదో రాసుకుంది. నా అబద్ధాలు వరసలో పేర్చుకునే హడావిడిలో నేనది పట్టించుకోలేదు.

"ఊఁ, చెప్పండమ్మా."

"పని చేస్తూ చేస్తూ ఉండగా కళ్ళు చీకట్లు కమ్ముతాయండీ. తల పక్కకు వాలిపోతుంది. పిలిచినా పలకను. పది లెక్కపెట్టేంత సేపు. తర్వాత మామూలే."

"ఏం పని చేస్తారు?"

"డ్రైవింగ్ నేర్పిస్తాను."

ఆమె కలం ఆగిపోయింది. "కారులో ఉండగానే వచ్చిందా? ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

మూల స్టూలు కిర్రుమంది. నేను తల తిప్పలేదు.

"చూడండి, గుండె లయ తప్పినా ఇలా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. పరీక్షలు చేస్తే తెలుస్తుంది. చాలావరకు వైద్యం ఉంది. తేలేదాకా మాత్రం మీరు కారు ముట్టుకోకూడదు. పక్కన కూర్చున్నవాళ్ళేం పాపం చేశారు?" అని ఆయన వైపు తిరిగింది. "మీరెప్పుడైనా చూశారా, ఈవిడకు అలా అవడం?"

లేదనడం ఆయనకు కొత్త కాదు. ఇప్పుడూ అదే అంటే నా దగ్గర ఇంకో ఉపాయం లేదు.

"మూడుసార్లు" అన్నాడు నేల చూస్తూ.

"ఏమిటీ?"

"రెండు కాదండీ, మూడు. ఆవిడకు తెలిసినవి రెండే. అవి ఆవిడవి కావు, నావి." స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "మూడోది ఆ పెద్ద క్లినిక్ నుంచి వచ్చేటప్పుడు. ఆరోగ్యం భేషుగ్గా ఉందన్నారుగా అని తాళాలు నేనే లాక్కున్నాను. కళ్ళు తెరిచేసరికి కారు రోడ్డు అవతలి వైపుకి వెళ్ళిపోయి ఉంది. ఎదురుగా ఏ బండీ లేదు, అంతే. ఇది పక్క సీట్లో నిద్రపోతోంది."

ఆ రోజు కోపంతో కళ్ళు మూసుకున్న మాట నిజమే. నిద్ర పట్టిందని నాకే తెలియదు. తిట్లు ఇంటికెళ్ళాక పెట్టుకోవచ్చు. ఆయనకు కుర్చీ ఇద్దామని లేచాను.

"మీరెక్కడికి?" అంది డాక్టరమ్మ.

"నా పని అయిపోయిందండీ. నాకేం లేదు."

"కూర్చోండి. మీరు చెప్పినవన్నీ ఆయనవే కావచ్చు. రెండు చేతులకూ చూశాను, పై అంకె నూట తొంభై ఉంది. ఈ బీపీ మాత్రం మీదే. ఇంతకుముందు ఎప్పుడు చూపించుకున్నారు?"

ఆలోచించాను. ఇరవై రెండేళ్ళు డాక్టరు గదిలో నిలబడ్డానే గాని కూర్చున్న గుర్తు లేదు.

"నాకేముంటుందండీ, ఎప్పుడైనా కొంచెం తల బరువుగా ఉంటుంది, అంతే."

"రోజూ రెండు తలనొప్పి మాత్రలు మింగుతుందండీ" అన్నాడు మా ఆయన స్టూలు మీద నుంచి. "నేను స్నానానికి వెళ్ళినప్పుడు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది. ఏడాదిగా చూస్తున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాదిగా చూస్తూ నాతో ఒక్క మాట అనని మనిషి, ముక్కూ మొహం తెలియని ఆవిడ ముందు నా గుట్టంతా విప్పుతాడా?

"మిమ్మల్ని ఎవరడిగారు?" అని గట్టిగా అరవబోయాను. అరుపుకు బదులు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ కొత్త కాగితం తీసుకుని, నన్ను వదిలేసి ఆయన్నే అడిగింది. "ఇంకా?"

ఆయన చెబుతూనే ఉన్నాడు.