మెడ కింది రంగు

దీప గోదావరిఖనిలో ఒక భూగర్భ గని లాంప్‌రూమ్‌లో పనిచేస్తుంది. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం ఆమె డ్యూటీ. బడిలో ఉన్నప్పటి నుంచీ పెన్సిల్‌తో ముఖాలు గీసేది. ముప్పై ఆరేళ్ల వయసులో నూనెరంగుల్లో వెయ్యడం నేర్చుకోవాలన్న గట్టి కోరికతో, రిటైరయిన డ్రాయింగ్ టీచర్ మాణిక్యాంబ ఇంటి తలుపు తట్టింది.

మాణిక్యాంబది రాజమండ్రి. ఇంజనీరు భర్తతో ఇక్కడికి వచ్చి నలభై ఏళ్లు దాటింది.

"సొంత బొమ్మలు తర్వాత. ముందు ఒక గొప్ప పటాన్ని కాపీ చెయ్యమ్మా. వేసినాయన ఎక్కడ ఏం చేశాడో నీ చేతికే తెలుస్తుంది" అందామె.

ఆమె ఎంచి చెప్పింది ఎప్పుడో ఒక విదేశీ చిత్రకారుడు ఉన్నదున్నట్టు వేసిన ముసలి రైతుస్త్రీ ముఖం. తలకు గుడ్డ, ఒక చెంప మీద కిటికీ వెలుగు. దీప దాన్ని ఫోన్‌లో వెతికి పట్టుకుని, ఫొటో స్టూడియోలో పెద్దగా ప్రింటు తీయించుకుంది. తెలుపు, నలుపు, ఎరుపు, పసుపుమట్టి రంగు. ఆ నాలుగు ట్యూబులే వాడమంది టీచర్. రెండు నెలలు, సెలవు దొరికిన ప్రతి పూటా ప్రింటు ముందు కూర్చుంది. ముడత ముడతనూ కొలిచి వేసింది.

పూర్తయిన బొమ్మను చూసి మాణిక్యాంబ కళ్లద్దాలు సర్దుకుంది.

"పోలిక బాగా కుదిరింది. కానీ మొహమంతా రాగి చెంబులా ఉందేమిటి?"

ప్రింటు తెచ్చి చూశారు. ప్రింటే ఎర్రగా వచ్చింది. ఫోన్‌లో చూస్తే అదే పటం పాలిపోయి ఉంది. టీచర్ దగ్గరున్న పాత పుస్తకంలో పసుప్పచ్చగా ఉంది.

"అసలు పటం నేనూ చూడలేదమ్మా" అంది మాణిక్యాంబ మెల్లగా.

దీప తన బొమ్మ వైపు తిరిగింది. "అంటే రెండు నెల్ల సంది తప్పు రంగులే ఏసిన్నా, మేడం?"

"నీ గీత తప్పు కాదు. వెలుగు ఎక్కడ ఆగిందో అదీ తప్పు కాదు. రంగు మాత్రం మనిషిని చూసి తెలుసుకో. ఆయనా మనిషినే చూసి వేశాడు."

మర్నాడు డ్యూటీ దిగి వచ్చాక దీప అత్తగారు సారవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

"అత్తమ్మా, జర కదలకు."

"గీ ముసలి మొకంల ఏమున్నదే సూడనీకి?"

"నీ మెడ కింద రంగు సూడాలె."

"మెడ కింద రంగేంది? పసుపు గిట్ల పూసుకున్ననా?" అని సారవ్వ నవ్వింది.

నీడంటే నలుపే అనుకుంది దీప ఇన్నాళ్లూ. ఇప్పుడు చాలాసేపు చూసింది. సారవ్వ గడ్డం కింద ఉన్నది నలుపు కాదు. పాచి పట్టిన గోడ రంగు లాంటిదేదో ఉంది. పసుపుమట్టి రంగులో కాస్త నలుపు కలిపితే రంగులు కలిపే పలక మీద ఆకుపచ్చ పుట్టింది. దాన్ని కాపీ బొమ్మ మెడ మీద పెట్టగానే, పైనున్న చెంప గుండ్రంగా, ముందుకు వచ్చినట్టు కనిపించింది. దీప ఫక్కున నవ్వేసింది.

మూడు వారాల్లో ఆ బొమ్మను సరిదిద్దింది. రాగి ఛాయ పోయింది. మాణిక్యాంబ దాన్ని చూసి లోపలికి వెళ్లి, కొత్త క్యాన్వాస్ తెచ్చి చేతికిచ్చింది.

దాని మీద దీప సారవ్వను వేసింది. రంగులు ఆరిన రోజున సారవ్వ దగ్గరగా వచ్చి, దూరం జరిగి, మళ్లీ దగ్గరగా వచ్చింది.

"గింత ముసల్దాన్నయిన్నా బిడ్డా?"

దీప బొమ్మను కాస్త వెలుగు వైపు తిప్పింది.

"అయితే అయిన తియ్. కండ్లు మాత్రం నాయే" అంది సారవ్వ. పక్క క్వార్టర్ పూలమ్మను కేకేసి పిలిచింది.

మాణిక్యాంబ వచ్చి చూసి, "చెవి కాస్త కిందికి దిగింది" అంది.

"మల్ల ఏస్త, మేడం" అంది దీప.

"ఈసారి పొద్దుగాలనే ఎయ్" అంది సారవ్వ. "ఆకుపచ్చ చీర కట్టుకుంట."