రెండో కీ

"లాప్‌టాప్‌లో ఆ కీ పనిచేయకపోతే నువ్వే బాగుచేసుకో. ఇంట్లో ఖాళీయేగా!" అని చెప్పులేసుకుని, ఆయన క్షవరానికి వెళ్లిపోయాడు.

నిజమే, ఖాళీయే. పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. వాషింగ్ మెషిన్ ఆగిపోయి, వచ్చి ఆరెయ్యమని పది నిమిషాలుగా కూతలు పెడుతోంది. మధ్యాహ్నం ఆయన వేసుకెళ్లాల్సిన చొక్కాకి రెండో గుండీ ఊడింది. బడికి సెలవని మా చిట్టి హోంవర్కు పుస్తకం బల్లంతా పరుచుకుని, రెండు నిమిషాలకోసారి "అమ్మా, దీనికి ఒత్తుందా?" అని అడుగుతోంది. హాల్లోంచి అత్తయ్య టీ ఏమైందమ్మా అంటోంది. వీటన్నిటి మధ్యలో నేను ఖాళీగా ఉన్నాను.

ఇవాళ మూడింటికి ఆయనకి ఆఫీసులో పెద్ద మీటింగ్. టీము లీడ్ పోస్టుకి ఇద్దరు పోటీ. ఎవరి ప్రోగ్రాం వాళ్లు పెద్దవాళ్ల ముందు పెట్టి, అదెలా నడుస్తుందో వరుసవరుసా చెప్పాలి. ఆయన రాసిన ప్రోగ్రాం లాప్‌టాప్‌లో సిద్ధంగా ఉంది. ఆయన రాసిందంటే, నేను రాసింది.

ఒకప్పుడు మేమిద్దరం ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. అప్పుడు ఆయన్ని నువ్వు అనేదాన్ని. పెళ్లయ్యాక అత్తయ్య, "మొగుణ్ణి పట్టుకుని నువ్వేంటమ్మా, వినేవాళ్లకి బాగుండొద్దూ" అంది. ఆ రోజు నుంచి మీరు అంటున్నాను. చిట్టి పుట్టాక ఏడాది పాటు దానికి ఊపిరి సరిగ్గా అందేది కాదు. "ఎవరో ఒకరు మానేయాలి కదా" అన్నాడాయన. ఆ ఎవరో ఒకరు ఎవరో ఇద్దరికీ తెలుసు. మానేసి ఆరేళ్లయింది. మొదట్లో సాయంత్రాలు ఒక సందేహం పట్టుకొచ్చేవాడు, "ఇదెక్కడ తప్పుతోందో చూడవా, నీ కళ్లు చురుకు" అంటూ. తర్వాత సగం పని వచ్చింది. తర్వాత మొత్తం పనే వచ్చి నా ఒళ్లో కూర్చుంది. "నీకూ టచ్ పోకుండా ఉంటుంది" అన్నాడు. ఆరేళ్లుగా నాకు టచ్ పోకుండా చూసుకుంటున్నాడు పాపం, మహానుభావుడు.

అత్తయ్యకి ఇవేమీ తెలియవు. "వాడి కంప్యూటర్‌తో నీకేం పనమ్మా, ఆ డబ్బా ముందు కూర్చుని కళ్లు పోగొట్టుకుంటావు" అంటుంది. చుట్టాలు ఫోన్ చేస్తే, "కోడలు ఇంట్లోనే ఉంటుంది, వాడొక్కడి కష్టమే" అని నిట్టూరుస్తుంది. చిట్టికి కూడా చెప్పొద్దన్నాడు ఆయన, బళ్లో వాగుతుందని. అందుకే ఇందాక దాని హోంవర్కు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'మా ఇంట్లో ఎవరేం చేస్తారు' అని ఐదు వాక్యాలు రాయాలట. గుండ్రటి అక్షరాలతో రాసుకుంది: నాన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాడు. నానమ్మ టీవీ చూస్తుంది. అమ్మ నాన్న కంప్యూటర్ తుడుస్తుంది.

"తుడవడం కాదే" అన్నాను.

"మరి రోజూ దాని ముందు కూర్చుని ఏం చేస్తావు?"

పాలు పొంగాయి కాబట్టి జవాబు చెప్పకుండా బతికిపోయాను.

ఇక కీ సంగతి. ప్రోగ్రాంలో ప్రతి వరుసా మెషిన్ కోసమే రాస్తాం. వరుస మొదట్లో రెండు ఏటవాలు గీతలు పెడితే మాత్రం మెషిన్ దాన్ని చదవకుండా దాటిపోతుంది. దాన్నే కామెంట్ అంటాం. అది మనుషుల కోసం, మన తర్వాత ఆ ఫైల్ తెరిచేవాళ్ల కోసం. నాకు ప్రోగ్రాం రాయడం కన్నా ఈ కామెంట్లు రాయడమే ఇష్టం. 'ఇక్కడ సున్నా వస్తే మొత్తం ఆగిపోతుంది, ముందే చూసుకోండి.' 'ఈ మూడు వరుసలూ వికారంగా ఉన్నాయని నాకూ తెలుసు. అందంగా రాస్తే నత్తలా నడుస్తోంది, ఏమనుకోకండి.' ఇంట్లో ఎవరితోనూ అనలేని మాటలు అక్కడ అనేదాన్ని. ఇంట్లో నా మాట పూర్తయ్యేదాకా ఆగేది ఎవరు గనక?

నాలుగేళ్ల కిందట ఒకరోజు ఆయన్ని అడిగాను, "అసలివి ఎవరైనా చదువుతారా అండీ?" అని.

"చదవకేం? మా టీములో కొత్తగా ఒకావిడ చేరింది. నీ నోట్సు చూసి, ఇంత ఓపిగ్గా ఎవరు రాస్తారండీ, పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది అంది."

ఆ మాటకి నేనెంత పొంగిపోయానో చెప్పుకుంటే సిగ్గుచేటు. పక్కన కూర్చుని చెబుతున్నట్టుందట! ఆ రోజు నుంచి ఆవిడ నాతోనే ఉంది. కళ్లజోడు పెట్టాను ఆవిడకి. చంటిపిల్లని క్రెష్‌లో వదిలి వచ్చి, ఐదయ్యేసరికి పరిగెత్తే మనిషిని చేశాను. ఏ మెలిక దగ్గరో ఆవిడ గంటసేపు చిక్కుకుపోతే పిల్ల దగ్గరికి వెళ్లడం ఆలస్యమవుతుందని, ఆ మెలికని ఇంకో రెండు వరుసలు విడమర్చి రాసేదాన్ని. గిన్నెలు కడుగుతూ కూడా ఆవిడకి ఏం రాయాలో ఆలోచించేదాన్ని. అప్పుడప్పుడు "ఆవిడేమంది?" అని ఆయన్ని అడిగితే, ఫోన్లోంచి తలెత్తకుండా "బాగుందంది" అనేవాడు. నాకు అది చాలేది.

మూడు రోజుల కిందట, ఇంట్లో అందరూ ఆయనదే అనుకునే నా పాత లాప్‌టాప్ తెర నల్లబడి చచ్చూరుకుంది. అందుకని ఈసారి ప్రోగ్రాం ఆయన లాప్‌టాప్ మీదే రాశాను. మామూలుగా కంట్రోల్, స్లాష్ కలిపి నొక్కితే మనం ఎంచుకున్న వరుసలన్నీ ఒక్క దెబ్బతో కామెంట్లయిపోతాయి. ఆయన దాంట్లో ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. రెండు వందల పన్నెండు వరుసలకి గీతలు చేత్తోనే కొట్టాను. మణికట్టు లాగేస్తోంది. పొద్దున ఆ మాటే చెబితే, "అవునా? నేనెప్పుడూ చూసుకోలేదే" అన్నాడు. ఆ కీ లేకుండా ప్రోగ్రాం రాసేవాళ్లకి ఒక్క రోజు గడవదు. ఈ మనిషికి అది పాడైందనే తెలియలేదు.

టీ ఇచ్చి, బట్టలు ఆరేసి, గుండీ కుట్టి, ఆయన లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కంట్రోల్, స్లాష్ నొక్కాను. ఈసారి తెర అడుగున చూశాను. చిన్న అక్షరాల్లో ఒక మాట: 'రెండో కీ కోసం ఎదురుచూస్తున్నాను.'

అంటే కీకి రోగం ఏమీ లేదు. ఈ రెండు కీలతో మొదలై, తర్వాత ఇంకో కీ నొక్కితే పనిచేసే ఆదేశం ఎవరో పెట్టారు. అందుకే మొదటిది నొక్కగానే, ప్రోగ్రాం రాసే ఎడిటర్ కామెంట్ సంగతి వదిలేసి, ఆ రెండో దాని కోసం కాచుక్కూర్చుంటోంది. ఇలాంటివి ఉండే జాబితా తెరిచాను. అన్నిటికన్నా అడుగున ఆయన రాసుకున్న నాలుగు వరుసలున్నాయి. కంట్రోల్, స్లాష్, తర్వాత ఎక్స్. చేయాల్సిన పని పేరు: చీపురు.

ఆ పేరు పెట్టింది నేను. చిట్టి పాకే రోజుల్లో ఒక ఆదివారం ఆయన, "ఫైల్లో కామెంట్లన్నీ ఒకేసారి ఊడ్చేసేది ఒకటి రాసిపెట్టవా, ఆఫీసులో పాత చెత్త పేరుకుపోయింది" అన్నాడు. పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకుని రోజంతా కూర్చుని రాశాను. చీపురని పేరు పెడితే ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఇప్పుడు చూస్తే దాని కింద ఆయన చేర్చిన ఇంకో వరుస ఉంది. ఊడ్చాక ఫైలు నెత్తిన 'రాసినవారు' అని, పక్కన ఆయన పేరు.

ఇవాళ్టి ప్రోగ్రాం తెరిచి నొక్కి చూశాను. కంట్రోల్, స్లాష్. ఎదురుచూస్తున్నానంది. ఎక్స్ నొక్కాను. రెండు వందల పన్నెండు వరుసలూ రెప్పపాటులో మాయమై, పైన ఆయన పేరొచ్చి కూర్చుంది. వెనక్కి తీసుకునే కీ నొక్కాను. అన్నీ తిరిగొచ్చాయి. మళ్లీ ఊడ్చాను. మళ్లీ తెచ్చాను. అలా నాలుగుసార్లు చేశాను, చూస్తూ చూస్తూ ఉంటే అలవాటవుతుందేమోనని. కాలేదు.

ఆ నాలుగు వరుసలు ఎప్పుడు పెట్టాడో తేదీ ఉంది. దాదాపు ఐదేళ్ల కిందటిది. టీములో ఆవిడ చేరిందని ఆయన చెప్పింది ఆ తర్వాత. అంటే ఆవిడ చదవడానికి అక్కడ ఒక్క అక్షరం కూడా మిగిలి లేదు. ఆవిడ లేదు.

ఏడుపొచ్చింది. నా పని మీద ఆయన పేరున్నందుకు కాదు, అది నాకు తెలిసి జరుగుతున్నదే, నేను ఒప్పుకున్నదే. ఆవిడ పోయినందుకు వచ్చింది. ఆ కళ్లజోడు, క్రెష్, ఐదింటి పరుగు అన్నీ పోయాయి. ఎవరూ లేని గదిలో నాలుగేళ్లు కబుర్లు చెబుతూ కూర్చున్నాను. హాల్లోంచి అత్తయ్య తొంగిచూసి, "చెప్తే వినవు, కళ్లెలా ఎర్రబడ్డాయో చూడు" అని వెళ్లిపోయింది.

ఆయన చెప్పిన పని ముందు పూర్తిచేశాను. చీపురుని వేరే కీల మీదికి మార్చాను. కంట్రోల్, స్లాష్ ఠక్కున పనిచేసింది. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. తర్వాత చీపురు తీసుకుని, నా నోట్సన్నీ నేనే ఊడ్చాను. పైన ఆయన పేరు ఉండనిచ్చాను.

ఆయన పౌడరు వాసనతో వచ్చి పక్కన కూర్చున్నాడు. "బాగైందా?"

"బాగైంది."

ఫైలు కిందికీ పైకీ జరిపాడు. "నోట్సేవీ?"

"ఊడ్చేశాను. ఎలాగూ మీరు ఊడ్చేవేగా."

ఆయన చూపు పక్కనే తెరిచి ఉన్న జాబితా మీద పడింది. గొంతు తగ్గించి, "అలా కాదు. నేనలా మాట్లాడనని అక్కడందరికీ తెలుసు. ఏమనుకోకండి, ముందే చూసుకోండి... ఇది వీడు రాసింది కాదని పట్టేస్తారు. అందుకే నేను చదువుకుని తీసేస్తాను" అన్నాడు. కోపంగా అనలేదు, భయంగా అన్నాడు. చెవి వెనక కత్తి గాటు పడి ఎర్రగా ఉంది. అది చూసి నాకు జాలేసింది. ఆరేళ్లలో నా నోట్సు చదివిన ఏకైక మనిషి ఈయనే.

"తెచ్చెయ్యి. మూడింటికి అక్కడ వాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?"

ఒక్క కీ నొక్కితే అన్నీ తిరిగొస్తాయి. నా వేలు దాని మీదే ఉంది.

"ఆవిడ పేరేంటి?" అన్నాను.

"ఎవరు?"

"నీ టీములో చేరినావిడ. నా నోట్సు చదివి మెచ్చుకున్నావిడ." పెళ్లయ్యాక మొదటిసారి నోటికి నువ్వే వచ్చింది. నేను దిద్దుకోలేదు.

కళ్లు చికిలించి నిజంగానే ఆలోచించాడు. దాచుకోవడానికి కాదు, గుర్తు తెచ్చుకోవడానికి.

"ఏ ఆవిడ?" అన్నాడు.

ఏదో ఒక పేరు చెప్పి ఉండాల్సింది. అబద్ధమైనా సరే, ఏదో ఒక పేరు అని ఉంటే నేను ఆ కీ నొక్కేసేదాన్నే. నా సంగతి నాకు తెలుసు. ఫైలు సేవ్ చేసి మూసేశాను. మూసేశాక ఇక వెనక్కి తెచ్చేది ఏదీ ఉండదు, అది ఆయనకీ తెలుసు.

"అయ్యో, ఏం చేశావ్! నేనేం చెప్పనిప్పుడు?"

"పైన నీ పేరుంది కదా. నీకు తెలిసింది చెప్పు."

గుండీ కుట్టిన చొక్కా ఆయన ఒళ్లో పెట్టి లేచాను. బల్ల దగ్గర చిట్టి పెన్సిలు కొరుక్కుంటూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"అమ్మా, తుడవడం అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా. ఆ వాక్యం కొట్టెయ్."

"మరి అక్కడేం రాయను?"

"ఖాళీ వదిలెయ్," అన్నాను, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "అది నేను రాస్తాను."