కర్పూరం ఆర్పిన చెయ్యి

అప్పటికి గౌరీశ్వరి పదకొండో బేసిను రొయ్యల మీద ఉంది. పొద్దున్న ఏడింటి నుంచి గొంతుక్కూర్చుని ఒలుస్తూండటంతో నడుము పట్టేసింది. ఐసు నీళ్ళలో నాని వేళ్ళ కొసలు తెల్లగా ఉబ్బాయి. బేసినుకి నలభై పైసలు. ఇంట్లో కూతురికి నాలుగు రోజులుగా జ్వరం. పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చింది.

అప్పుడు వినిపించింది ఆ గొంతు.

"ఏటే, బేగి సేతులాడించండి. లారీ నాలుక్కొచ్చెత్తాది."

షెడ్డులో ఉన్న నలభై మంది ఆడవాళ్ళలో గౌరీశ్వరి తప్ప అందరూ తలెత్తి కొత్త మేస్త్రీని చూశారు. ఆమెకి చూడాల్సిన పనిలేదు. పదకొండేళ్ళుగా ఆ గొంతు ఆమె చెవిలోనే కాపురం ఉంటోంది. రొయ్య తలమీది ముల్లు బొటనవేల్లో దిగబడినా నొప్పి తెలియలేదు.

వాడు కొండలరావు. అప్పట్లో, డెబ్బై మూడులో, పోర్టు పక్క గోధుమల గొడౌనుకి మేస్త్రీ. బస్తాల్లోంచి రాలిన గింజలు ఊడవడానికి కంచరపాలెం నుంచి ఆడకూలీలు వెళ్ళేవారు. ఒక సాయంత్రం అందర్నీ పంపేసి, "నువ్వు ఆఖర్నుండు, మూల్లో గింజలుండిపోనాయి" అని గౌరీశ్వరిని ఆపాడు. ఆమెకి పద్దెనిమిదేళ్ళు. చీపురు పట్టుకుని ఆమె మూలకి వెళ్ళింది. వాడు తలుపు మూశాడు.

పోలీసుల దాకా పోనివ్వకుండా కులపెద్దలే కూర్చుని తగవు తీర్చారు. పేటలో సగం మందికి పని చూపించే మేస్త్రీ మరి. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్ళి ముల్లు మీద పడ్డా ఆకుకే చిరుగని తేల్చి, కొండలరావుకి యాభై రూపాయల తప్పు వేశారు. ఆ యాభై పొద్దుగూకకుండానే సారా అయి పెద్దల గొంతులు దిగింది. పిల్లని మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. అరచేతిలో కర్పూరం వెలిగించి, "ఈ మాట మళ్ళా ఎత్తను, ఎత్తితే నా కడుపున పుట్టినోళ్ళు నాకు దక్కరు" అనిపించి, పిడికిలి మూయించి ఆర్పించారు. చేసినవాడికి జరిమానా, పడ్డదానికి ప్రమాణం. ఇదీ మన పెద్దల ధర్మం.

కొండలరావు వరస వెంబడి నడుస్తూ వచ్చి ఆమె వెనకాల ఆగాడు. ఆమె తల ఎత్తకుండా ఒలుస్తూనే ఉంది.

"నిన్నెక్కడో సూసినట్టుందే. ఏ పేటే నీది?"

పక్కన కూర్చున్న మేనత్త అప్పాయమ్మ అందుకుంది. "దానికి సెముడు బాబూ. ఇనపడదు."

వాడు నవ్వి ముందుకి పోయాడు. గుర్తుపడతాడేమోనని అంతసేపూ వణికిన ప్రాణం, గుర్తుపట్టనందుకు భగ్గున మండింది. తన బతుకంతా నంజుకుతిన్న ఆ సాయంత్రం, వాడికి జ్ఞాపకం పెట్టుకునేంత పని కూడా కాదన్నమాట. మంట ఒక్క నిమిషమే. వెనకే మళ్ళీ భయం వచ్చి కూర్చుంది.

నాలుగింటికి లారీ వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు పటిక నీళ్ళలో చేతులు కడుక్కుని గేటు వైపు కదిలారు. కొండలరావు చాంద్ సుల్తానాని వేలితో పిలిచాడు. పదహారేళ్ళ పిల్ల. పాతపట్నంలో బట్టలు కుట్టే తండ్రికి చూపు పోతే, పది రోజుల కిందటే పనిలో చేరింది.

"నువ్వు ఆఖర్నుండు. ఐసు గది కడగాల."

గౌరీశ్వరి ఆగిపోయింది. మాటకి మాట అదే. పదకొండేళ్ళలో కొత్త అబద్ధం వెతుక్కునే అవసరం కూడా వాడికి కలగలేదు.

పిల్ల సంతోషంగా చీపురందుకుంది. "రూపాయెక్కువిత్తాడంటక్కా. మా అబ్బా కళ్ళ మందుకొత్తాది" అని చెప్పి లోపలికి పోయింది.

అప్పాయమ్మ మేనకోడలి జబ్బ పట్టుకుని లాగింది. ఆనాడు ఆ పిడికిలి మూసి పట్టింది కూడా ఆవిడే. "పోదారి రాయే గౌరీ. మనకెందుకే. కర్పూరం ఆర్పినావు. ఇంటికాడ గుంట జొరంతో పడుంది, మర్సిపోకు."

మర్చిపోవడమా? పొద్దున్న ముట్టుకున్న నుదుటి వేడి ఇంకా అరచేతిలోనే ఉంది. నోరు విప్పితే ఆ పిల్ల పోతుంది. విప్పకపోతే ఈ పిల్ల పోతుంది. గౌరీశ్వరి అత్త వెంట గేటు దాకా నడిచింది. వెనక ఐసు గది తలుపు కిర్రుమంది. ఆమె చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది.

కొండలరావు గడప మీద ఉన్నాడు. ఆమె వాణ్ణి తోసుకుని ఆ గడప మీదే చతికిలబడి, తెరిచున్న తలుపుకి వీపు ఆనించింది.

"గుంటని బయటికంపు. అదొచ్చేదాక నాను లెగను."

"సెముడన్నారు?"

"ఇనపడతాది. పదకొండేళ్ళనాడు గోధుమల గొడౌన్లో నన్నూ ఇలాగే ఆఖర్నుండమన్నావు. తలుపేసినావు. నా పేరు గౌరీశ్వరి."

మాట బిగ్గరగానే వచ్చింది. గేటు దగ్గర అడుగులు ఆగిపోయాయి. అప్పాయమ్మ రెండు చెవులూ మూసుకుని నేల మీద కూలబడింది. కొండలరావు మొహంలో రంగు మారింది. ఒకసారి గేటు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"లెగు. రేపట్నించి నీకు పని నేదు."

"నేకపోతే పోనీ."

లోపల్నించి సుల్తానా, "ఏటైందక్కా?" అంటోంది. గౌరీశ్వరి రెండు చేతులా గడప పట్టుకుంది. ఈ క్షణాన ఇంట్లో తన పిల్ల ఊపిరి పీలుస్తోందో లేదో. ఇంటికెళ్ళి దాని నుదురు ముట్టుకోవాలంటేనే భయం. అయినా చెయ్యి వెనక్కి చాపి, "నా ఎనకే ఉండమ్మా. రా" అంది.

గేటు దగ్గర ముప్పై ఏడు మంది ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఇటు వచ్చినవాళ్ళు లేరు. బయటికి పోయినవాళ్ళూ లేరు.