ఏనుగు నడుము కొలత

ఉదయం తొమ్మిదీ పదికి దర్జీ టేపు తీసి గుడ్డ ఏనుగు నడుము కొలిచాడు. నలభై రెండు సెంటీమీటర్లు. వారం రోజులుగా అదే కొలత. నిట్టూర్చి టేపు చుట్టేశాడు.

ఆ స్టూడియోలో పిల్లల కార్టూన్లు తీస్తారు. గుడ్డ ఏనుగు తొండంలో, కాళ్లలో చిన్న చిప్‌లు పెట్టి కుట్టారు. బొమ్మను ఆడించే అమ్మాయి దాని తొండం ఎత్తితే తెరమీది ఏనుగూ తొండం ఎత్తుతుంది. తెరమీది ఏనుగు ఏం తిన్నా ఇక్కడ గుడ్డ ఏనుగు ఒళ్లు చేస్తుంది. రోజూ కుట్లు విప్పి వదులు చేయడమే దర్జీ ఉద్యోగం.

పోయిన వారం మేనేజరు కథలో తిండి మాన్పించాడు. తినని ఏనుగుకి దర్జీ దండగన్నాడు. ఈ రోజు శుక్రవారం, దర్జీకి ఆఖరి రోజు.

"అన్నీ సర్దేసుకున్నావా బాబాయ్?" అంది అమ్మాయి.

"సూదీ దారమే కదమ్మా, జేబులో పడతాయి. ఈ వయసులో ఇంకెవరి గుమ్మం తొక్కాలో!"

"మొహం అలా వేలాడేసుకోకు. ఏనుగు బెంగపెట్టుకుంటుంది."

పదకొండింటికి ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. తెరమీద పుచ్చకాయల తోట. ఏనుగు ఓ కాయ నోట్లో వేసుకుంది. తర్వాత ఇంకోటి. తొమ్మిదో కాయకి గుడ్డ ఏనుగు పొట్ట దగ్గర కుట్టు పటుక్కున తెగి, దూది బయటికొచ్చింది.

"బాబాయ్, తొందరగా!"

దర్జీ వంగి, దూది లోపలికి కుక్కి కుట్టడం మొదలుపెట్టాడు. అతను సూది గుచ్చి లాగినప్పుడల్లా తెరమీది ఏనుగు చక్కిలిగింతలు పెట్టినట్టు మెలికలు తిరిగిపోయింది. స్టూడియో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఏది ఎత్తినా అవతల పిల్లల నవ్వులే. ఏనుగు మళ్లీ ఎప్పుడు అలా మెలికలు తిరుగుతుందని ఒకటే గొడవ.

"తప్పు నాదే సార్. కుట్టు గట్టిగా పడలేదు," అన్నాడు దర్జీ తల దించుకుని.

మేనేజరు మోగుతున్న ఫోన్లకేసి చూశాడు.

"సోమవారం కూడా అలాగే కుట్టండి. తొమ్మిదింటికల్లా వచ్చెయ్యండి."

తర్వాతి బుధవారం దారం చుట్టుకోవడానికి చిత్తు కాగితం వెతుకుతుంటే దర్జీకి ఆ శుక్రవారం స్క్రిప్టు దొరికింది. అందులో ఏనుగుకి ఉన్నది ఒక్కటే పని: పుచ్చకాయల తోటలో, మొదటి నుంచి చివరిదాకా, నిద్రపోవడం.