రెండో మాట

మా అత్త నోరు తెరవకుండా చూసుకోవడమే ఆ రోజుల్లో నా పని. అన్నం ముద్దకి తెరిస్తే పర్వాలేదు. ఆవలింతకి తెరిచినా చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చేదాన్ని.

మా అత్త పెద్దింట్లమ్మ అంటే గోదారి సముద్రంలో కలిసే ఈ చివరి ఊళ్ళన్నిటికీ తెలుసు. ఎవరింట్లో మనిషి పోయినా ఆమె రావాలి, శవం పక్కన కూచుని ఏడవాలి. ఏడవడమంటే మనలా ముక్కు చీదడం కాదు. ఆమెకి మాటలు జంటలుగా వస్తాయి. మొదటి మాట పోయినవాడిది, రెండో మాట వాడి తోడుది. ముసలి వీరన్న పోయినప్పుడు, "నీ భుజం వలకి తెలుసు వీరన్నో" అని సాగదీసి ఆగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు "ఓ నాయనో" అన్నారు. "నీ ఆడదాని గొంతు వీధికి తెలుసు వీరన్నో" అంది. గంపెత్తుకుని ఊరూరా చేపలమ్మిన వీరన్న పెళ్ళాం, అప్పటిదాకా ఉలుకూ పలుకూ లేకుండా కూచున్నది, ఆ మాటకి భోరుమంది. ఏడుపు రానివాళ్ళకి ఏడుపు ఇప్పించేది మా అత్త.

నేను పుట్టింది రామచంద్రపురంలో. మా నాన్న అక్కడ బజార్లో చేపల కొట్టు పెట్టుకున్నాడు. ఈ జంట ఏడుపులు నేనెరగను. కాపురానికొచ్చిన కొత్తలో మొదటిసారి విన్నప్పుడు నవ్వాపుకోలేకపోతే ఎవరో తొడ మీద గట్టిగా గిల్లారు. పోనుపోను అలవాటైపోయింది. మొదటి మాట చెవిన పడగానే రెండోది నా నాలిక మీదకి వచ్చి కూచునేది. ఎసరు మరిగిన చప్పుడు వింటే చెయ్యి దానంతటది బియ్యం వైపు పోతుంది చూడండి, అలాగ.

ఇంట్లోనూ ఆమెది అదే వరస. నా చేపల పులుసు నోట పెట్టుకుని, "ఇది ఉప్పేస్తే సముద్రం, మానేస్తే గోదారి" అనేది. నాకు ఒళ్ళు మండేది. మా ఆయన పడీపడీ నవ్వేవాడు. ఆయనకీ తల్లి నోరే వచ్చింది. ఆఖరిసారి వేటకి పోతూ నావ మీద నుంచి కేకేశాడు, "సిగ్నలుంటే ఫోను చేస్తా, లేకపోతే నేనే వచ్చేస్తా" అని. పో పోవోయ్ అన్నట్టు చెయ్యూపాను. ఆ సాయంత్రం గాలి తిరిగింది.

నావలో ఇద్దరే. మా ఆయనా, ఎదురింటి పల్లంరాజూ. చిన్నప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకే నావ, ఒకే వల. పోలీసులొచ్చి పేర్లు రాసుకుని, "ఉంటే తెస్తాం, ఏదన్నా అయితే చెప్తాం" అని పోయారు. జంట కట్టడం వీళ్ళకెవరు నేర్పారో! నిజంగా వెతికింది మా పేట మగవాళ్ళే. పొద్దున్నే నావలు తీసుకుని పోవడం, చీకటి పడ్డాక తలలు వంచుకుని రావడం. నేను ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కాను, గంగమ్మకి మొక్కాను, ఫోను చార్జింగులోంచి తియ్యకుండా దానికీ మొక్కినంత పని చేశాను.

మా పేటలో ఒక కట్టుబాటుంది. సముద్రానికి పోయినవాడి శవం ఒడ్డుకి చేరేదాకా వాడి పేరెత్తి ఏడవకూడదు. ఏడిస్తే ఇంటివాళ్ళే వాణ్ణి గంగమ్మకి అప్పజెప్పేసినట్టు. ఇక ఆమె సొత్తు కోసం ఎవరూ వెతకరు, నావలు వెనక్కి తిరుగుతాయి. అందుకే నాకు మా అత్త నోరంటే అంత భయం.

పల్లంరాజు దొరికాడు. గోదారి సముద్రంలో పడే మొగలో ఇసక దిబ్బకి కొట్టుకొచ్చాడు. ఒక్కడే.

కాసేపటికి అతని పెళ్ళాం లక్ష్మి మా గుమ్మంలోకొచ్చి కూలబడింది. "పెద్దమ్మా, నువ్వు రావాలి. ఆయన్ని మూగగా పంపమంటావా?"

"ఏడవడానికి ఊళ్ళో ఇంకెవరూ లేరా అక్కా?" అన్నాను. అలాంటప్పుడు అనాల్సిన మాట కాదు. అన్నాను.

"ఉన్నారు బేబీ. కానీ వాళ్ళెవరూ నాకు ఏడుపు తెప్పించలేరు" అంది లక్ష్మి. ఆమె కళ్ళు నిజంగానే పొడిగా ఉన్నాయి.

మా అత్త లేచింది. నేను అడ్డం నిలబడ్డాను. పల్లంరాజుకి నావలో తోడెవరో మాకిద్దరికీ తెలుసు. మొదటి మాట అతనిదైతే రెండోది ఎవరి మీదకి పోతుందో తెలుసు.

"అత్తా, మొదటి మాట ఒక్కటే అను. జంట కట్టకు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒక కాలితో నడవమంటున్నావే" అంది. నా చెంప నిమిరి, "సరేలే, నా కొడుకు కోసం కుంటుతాను" అంది.

శవాన్ని అరుగు ముందు పడుకోబెట్టారు. మగవాళ్ళు కొందరు అవతల రేవులో ఉన్నారు. రోజూ వెతకడానికి పోతున్న శ్యాంబాబు డీజిల్ డబ్బా పట్టుకుని నావ పక్కన నిలబడ్డాడు, మా ఆయన కోసం మళ్ళీ లోపలికి పోవడానికి. ఇంజను అప్పటికే ఆడుతోంది. ఆ చప్పుడు వింటూ నేను అత్త పక్కన కూచున్నాను, అవసరమైతే నోరు మూసేద్దామని.

"నీ చెప్పులు అరుగు మీదున్నాయి పల్లంరాజో" అంది అత్త. "ఓ నాయనో" అన్నారు ఆడవాళ్ళు. అత్త ఆగిపోయింది. అందరూ ఎదురుచూశారు. ఆమె పెదాలు బిగబట్టి తల అడ్డంగా ఊపింది, మళ్ళీ మొదటి మాటే ఇంకొకటి ఎత్తుకుంది. "నీ కంచం బోర్లించి ఉంది పల్లంరాజో." మళ్ళీ ఆగింది. మెడ నరాలు తేలాయి. ఎంత కష్టపడుతోందో పక్కనున్న నాకు తెలుస్తోంది. లక్ష్మి మా అత్త నోటి వంకే చూస్తోంది. కన్నీళ్ళు ఇంకా రాలేదు.

ఆమె మాట ఆగినప్పుడల్లా నా లోపల ఏదో కదులుతోంది. ఇన్నేళ్ళుగా విన్న చెవులు. ఊరుకోమంటే ఊరుకోవడం లేదు.

"నిన్ను గోదారి ఎత్తుకొచ్చింది పల్లంరాజో" అంది అత్త.

"ఓ నాయనో."

అత్త ఆగింది. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నిన్ను సముద్రం ఎత్తుకుపోయింది సురేష్‌బాబో."

గొంతు బాగుంది. నిండుగా, రాగం తప్పకుండా వచ్చింది. లక్ష్మి గుండెలు బాదుకుని గొల్లుమంది. ఆడవాళ్ళు అలవాటు కొద్దీ "ఓ నాయనో" అనేసి, అన్నాక నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అందరూ నావైపే చూస్తున్నారు. అప్పుడు తెలిసింది నాకు, అది నా గొంతు. పెళ్ళైనప్పట్నుంచీ ఆయన పేరు పైకి అన్న పాపాన పోలేదు నేను. మొదటిసారి అన్నాను.

"లేదు, నేనేం అనలేదు, పొరపాటున వచ్చింది" అని అరిచాను. రేవులో ఇంజను ఆగిపోయింది. శ్యాంబాబు డీజిల్ డబ్బా ఇసకలో దించి, తల మీద తుండు తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను లేచి పరిగెత్తబోతే మా అత్త నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది.

నన్ను తిడుతుందనుకున్నాను. కొడితే ఇంకా బాగుండేది. ఆమె నా ముఖంలోకి చూసింది. బిగబట్టిన పెదాలు వదులయ్యాయి. పల్లంరాజు వైపు నుంచి సముద్రం వైపు తిరిగి కూచుంది.

"ఫోను చేస్తానన్నావు కొడకో, ఫోను రాలేదు" అంది.

"ఓ నాయనో."

అత్త ఆగింది. నా చెయ్యి వదల్లేదు. రెండో మాట నాదని అందరికీ తెలుసు.

"నువ్వే వస్తానన్నావు సురేష్‌బాబో" అన్నాను.